రొట్టెను కాచువాడు

చదువవలసిన భాగములు: కీర్తన 105:16–22; నెహెమ్యా 5వ అధ్యాయము; యోహాను 21:1–14



ఈ నెల ధ్యానమునకు ఒక పాత ఇంగ్లీషు మాటను తీసికొనుచున్నాను. పొలములో దిగి పనిచేసికొను మనకు ఇంగ్లీషు మాటలతో ఏమి పని యని ఎవరును తలంపవద్దు. ఆ మాట పుట్టినది రాజుల కొలువులో కాదు, చదువుకొన్నవారి బల్లమీద కాదు. అది ధాన్యపు కొట్టు దగ్గర, పొయ్యి దగ్గర, ఆకలిగొన్న పనివారు కూర్చుండిన చోట పుట్టిన మాట. కనుక అది మనకు దూరపు మాట కాదు.

ఇంగ్లీషువారు ప్రభువును ‘లార్డ్’ అందురని మీలో చదువురానివారికిని తెలియును. పాత దొరల కాలములో పెద్ద అధికారులకును ఈ బిరుదు ఉండెను. అయితే ఈ మాటయొక్క మొదటి రూపము వేరు. వెయ్యి సంవత్సరముల క్రిందట ఇంగ్లండు దేశపు ప్రజలు దీనిని ‘హ్లాఫోర్డ్’ అని పలికిరి. ఇది రెండు మాటలు కలిసి అయిన మాట. ‘హ్లాఫ్’ అనగా రొట్టె. ‘వెయర్డ్’ అనగా కావలివాడు, కాపరి. రెండును కలిపిన యెడల రొట్టెను కాచువాడు అని అర్థము. కాలము గడచినకొలది మొదటి హకారము పోయెను, నడుమనున్న అక్షరములు అరిగిపోయెను, పొడవైన మాట ఒక్క ముక్క మాటగా నిలిచెను. ఎద్దు కాలి నాడా అరిగి అరిగి పలుచబడినట్లు, నిత్యము వాడు మాటయు అరుగును. నేడు ఆ మాట పలుకు ఇంగ్లీషువారిలో అనేకులకు దానిలో రొట్టె యున్నదని తెలియనే తెలియదు.

ఇక్కడ రొట్టె యనగా మనము పండుగకు చేసికొను గోధుమ రొట్టె యని తలంపరాదు. వారికి అదే కూడు. మనము కూడు గుడ్డ అన్నప్పుడు అన్నము ఒక్కటే కాక బ్రదుకు తెరువంతయు చెప్పినట్లు, వారును హ్లాఫ్ అన్నప్పుడు మనిషిని బ్రదికించు ఆహారమంతయు చెప్పిరి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము అనుదినాహారము అను చోట ఆ కాలపు ఇంగ్లీషు క్రైస్తవులు ఈ హ్లాఫ్ అను మాటనే పలికిరి. రష్యా దేశస్థులు రొట్టెను ఖ్లేబ్ అందురు. అదియు ఈ వంశములోనుండి వెళ్లిన మాటయే యని పండితులు చెప్పుదురు.

కాబట్టి హ్లాఫోర్డ్ అను మాటలో మొదట కత్తి లేదు, కిరీటము లేదు, గుర్రము లేదు. ఒక ఇంటి పెద్ద యున్నాడు. అతని యొద్ద ధాన్యమున్నది. ఆ ధాన్యమును ఎలుకలనుండి, దొంగలనుండి, వానలనుండి కాచి, కోతనుండి కోతవరకు దానిని సరిగా పంచి, తన పంచలోనున్న వారందరిని బ్రదికించుట అతని పని. ఆ పని చేయుచున్నాడు గనుక అతనికి ఆ పేరు.

అతని యొద్ద తినువానికిని ఒక పేరుండెను. ‘హ్లాఫేటా’, అనగా రొట్టె తినువాడు. మన పల్లెలలో పాలేరు అనబడినవాడే యనుకొనుడి. ఈ మాట ఇంగ్లండులోని కెంట్ దేశపు రాజైన ఎథెల్బర్ట్ ధర్మశాస్త్రములో కనబడుచున్నది. 597వ సంవత్సరమున అగస్టీను అను బోధకుడు రోమునుండి వచ్చి సువార్త చెప్పగా విని బాప్తిస్మము పొందిన రాజు ఇతడే. ఇంగ్లీషు భాషలో మొట్టమొదట వ్రాయబడిన చట్టములు ఇతనివే. ఆ చట్టములలో మొదటి మాట దేవుని సొత్తును గూర్చియు సంఘపు సొత్తును గూర్చియు చెప్పినది. తరువాత మనుష్యుల ప్రాణములకు వెలలు కట్టబడినవి. స్వతంత్రుడైన మనిషిని చంపినయెడల 100 షిల్లింగులు. ఒక సామాన్య రైతుయొక్క రొట్టె తినువానిని చంపినయెడల 6 షిల్లింగులు.

ఆ లెక్కను ఒకసారి నిదానించి చూడుడి. సువార్త విన్న రాజు వ్రాయించిన చట్టములోనే రొట్టె పెట్టు వర్గమునకు నూరు, రొట్టె తినువానికి ఆరు. మాట ఎంత మంచిదైనను లోకము దానిని ఎట్లు వాడుకొనునో ఇందులో తెలియుచున్నది. దీనికి మరల వచ్చెదము.

ఇప్పుడు సహోదరీలతో ఒక మాట. ఇంగ్లీషులో గౌరవముగల స్త్రీని ‘లేడీ’ అందురు. పట్టుచీర కట్టి పని ముట్టనిది లేడీ యని మనవారిలోను ఒక తలంపు గలదు. అయితే దాని పాత రూపము ‘హ్లేఫ్‌దిగె’. హ్లాఫ్ అనగా రొట్టె యని చెప్పితిని. రెండవ భాగము పిండి పిసుకుటను తెలుపు మాట. పిండి ముద్దకు ఇంగ్లీషులో నేటికిని చెప్పు మాట ఆ వేరునుండి వచ్చినదే. కాబట్టి లేడీ యనగా రొట్టె పిండి పిసుకునది. చేతికి పిండి అంటిన స్త్రీకే ఆ గొప్ప పేరు. అబ్రాహాము గుడారమునకు ముగ్గురు వచ్చినప్పుడు శారా త్వరపడి మూడు మానికల పిండి పిసికినది. ప్రభువు పరలోక రాజ్యమును పోల్చినప్పుడు మూడు కుంచముల పిండిలో పులిసిన పిండిని దాచిపెట్టిన స్త్రీని చూపించెను. యోహాను తన రెండవ పత్రికను వ్రాసినది ఒక లేడీకే. మన తెలుగు బైబిలులో అమ్మగారు అని యున్నది. అమ్మగారు అని పిలిపించుకొనుట మనలో అనేకులకు ఇష్టమే. మరి అదే ఇంటిలో వండి వడ్డించినది అందరికంటె చివర కుండ అడుగున మిగిలినది తినుచున్నదేమో, ఆమెకు మిగిలినదో లేదో చూచినవారున్నారో లేదో, ఇంటి యజమానులు ఈ రాత్రియే చూచుకొనవలెను. ఇద్దరికిని రొట్టెను బట్టియే పేరు వచ్చినది గదా! కాచినవాడు తిని, పిసికినది పస్తుండిన యెడల ఆ పేర్లు రెండును అబద్ధము.

హ్లాఫోర్డ్ అను మాట రొట్టె కావలివాడని అర్థమగునట్లు విడివిడిగా, నిండు రూపములో వ్రాయబడిన చోటు ఒకటి గలదు. అది ఏ కథలో కాదు, కీర్తనల గ్రంథములో. వెయ్యి సంవత్సరముల నాటి ఇంగ్లీషు కీర్తనల వ్రాతప్రతి ఒకటి పారిస్ నగరపు గ్రంథాలయములో భద్రపరచబడియున్నది. అందులో మనము 105వ కీర్తన యని లెక్కించు కీర్తనలో, ఫరో యోసేపును తన ఇంటిమీద యజమానునిగా నియమించెనని చెప్పు 21వ వచనమునకు వచ్చినప్పుడు, ఆ అనువాదకుడు వాడుకలో అరిగిన రూపమును విడిచి, ‘హ్లాఫ్‌వెయర్డ్’ అని నిండుగా వ్రాసెను. యోసేపు ఎవరో అతడెరుగును. ఏడు సంవత్సరముల పంటను ప్రతి పట్టణములో కొట్లలో పోసి, ఏడు సంవత్సరముల కరవులో వాటిని విప్పినవాడు. ఇంతకంటె సరియైన పేరు అతనికి దొరకునా? లేఖనము చదువుచు చదువుచు, తన భాషలో మరుగుపడిన అర్థము అతనికి తళుక్కున మెరిసియుండును.

అయితే యోసేపు కథను ఆదికాండము 41వ అధ్యాయముతో ఆపి చదువు అలవాటు మనకున్నది. 47వ అధ్యాయము వరకు పోవుడి. కరవు ముదిరినప్పుడు ఐగుప్తీయులు మొదట రూకలు ఇచ్చిరి. రూకలు అయిపోయెను. పశువులను ఇచ్చిరి. పశువులును అయిపోయెను. అప్పుడు వారు వచ్చి, ఇక మా దేహములును మా పొలములును తప్ప మరేమియు మిగులలేదు, మమ్మును మా భూములను కొని ఆహారమిమ్మనిరి. అట్లే జరిగెను. దేశమంతయు ఫరోది ఆయెను. జనులు అతనికి దాసులైరి. వారు బ్రదికినందుకు కృతజ్ఞతయే చెప్పిరని గ్రంథములో నున్నది. అది నిజమే, ప్రాణములు నిలిచినవి. అయినను అందులో ఒక బరువైన సంగతి యున్నది. కొట్టు తాళపుచెవి ఎవని చేతిలో నుండునో, చివరకు మనుష్యుల మెడలును వాని చేతిలోనికే వచ్చును. ఆ ఐగుప్తులోనే కొన్ని తరములకు యోసేపు స్వంత జనులు ఇటుకలు చేయుచు మొఱ్ఱపెట్టిరి.

ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. ఉత్తర దేశమున డరహాము అను ఊరి సంఘపు పాత పుస్తకములో సుమారు వెయ్యి సంవత్సరముల నాటి ఒక చిన్న వ్రాత గలదు. గేట్‌ఫ్లెడ్ అను ఒక సంపన్నురాలు దేవుని ప్రేమనుబట్టియు తన ఆత్మయొక్క అవసరమునుబట్టియు కొందరిని దాస్యమునుండి విడిచిపెట్టినట్లు అందులో వ్రాయబడెను. వారి పేర్లున్నవి. ఒక కమ్మరి. ఒక మనిషి, అతని భార్య, వారికి పుట్టిన బిడ్డలు, ఇంకను పుట్టబోవు బిడ్డలు. మరికొందరి పేర్లు చెప్పి, చివరకు ఎవరిని గూర్చి వ్రాసెనో వినుడి: చెడ్డ దినములలో కూటికొరకు ఎవరి తలలను ఆమె తీసికొనెనో వారందరిని గూర్చి వ్రాసెను.

కూటికొరకు తలలను తీసికొనుట! కరవు వచ్చినది. ఆమె కొట్టులో గింజలున్నవి. ఆకలిగొన్నవారు వచ్చి ఆమె యెదుట తలవంచి, మాకు తిండి పెట్టుము, ఈ తల నీది అనిరి. ఆమె తిండి పెట్టినది, తల తీసికొనినది. పుట్టని బిడ్డలుకూడ ఆ ముద్దతోనే అమ్ముడైపోయిరి. ఆమె రొట్టె పిసుకునదే, లేడీయే. ఆ తరువాత ఏమి జరిగినదో, ఏ ప్రసంగము ఆమె హృదయమును పొడిచినదో వ్రాతలో లేదు. దేవుని ప్రేమనుబట్టి విడిచిపెట్టినదను మాట మాత్రమున్నది. ఆ మాట చాలును. ఆ పుస్తకము నేటికి నిలిచియున్నది. ఆమె పొలములెన్నో, ఆమె పశువులెన్నో ఎవరికిని తెలియదు.

నాగు తెచ్చుకొనిన ఇండ్లవారికి నేను దీనిని విప్పి చెప్పనక్కరలేదు. శ్రావణములో తెచ్చిన బస్తాకు కళ్లములో బస్తాన్నర కొలిచి, మిగిలిన బాకీకి కుమారుని జీతమునకు పెట్టి, ఆ కుమారుడు పెద్దవాడై తన తండ్రి తిన్న గింజలకు తాను ఎద్దులవెంట నడచిన కథలు మన పెద్దలు చెప్పగా వినినవారము. 1976లో ఈ దేశములో వెట్టి చాకిరీని రద్దుచేయు చట్టము వచ్చినది. చట్టము రాకమునుపు మన తాతలలో అనేకులు హ్లాఫేటా అనిపించుకొనినవారే, ఆ పేరు వారెరుగకపోయినను.

నెహెమ్యా 5వ అధ్యాయము నాకు ఎప్పుడు చదివినను మన ఊరి కథవలె తోచును. కరవు. ధాన్యముకొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టినవారు వచ్చి ఏడ్చుచున్నారు. కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించినవారు వచ్చి ఏడ్చుచున్నారు. అప్పిచ్చినవారు పరదేశులు కారు, వారి స్వంత సహోదరులే. నెహెమ్యా కోపపడి పెద్దలను పిలిపించి, తీసికొనిన పొలములను ఇండ్లను వడ్డీని ఆ దినమే తిరిగి ఇప్పించెను. అంతటితో ఊరకుండలేదు. అధికారికి జనులు ఇయ్యవలసిన ఆహారపు పన్నును 12 సంవత్సరములు తాను ముట్టలేదు. అట్లని అతని బల్ల ఖాళీగా నుండెనా? 150 మంది యూదులు దినదినము అతని బల్లయొద్ద తినుచుండిరి. ఆ జనులమీద భారము మిక్కిలిగా నుండెను గనుక ఆ పన్ను అడుగలేదని కారణము తానే చెప్పెను. హ్లాఫోర్డ్ అను మాటకు పాత నిబంధనలో ఒక మనుష్యుని చూపుమనిన యెడల నేను యోసేపుకంటె ముందు ఇతనిని చూపుదును.

యెషయా 3వ అధ్యాయములో ఒక విచిత్రమైన సంగతి గలదు. దేశము పాడైనప్పుడు ఒకడు తన సహోదరుని పట్టుకొని, నీకు వస్త్రమున్నది గనుక మామీద అధిపతివై యుండుమనును. వాడు, నా ఇంట ఆహారము లేదు, నన్ను అధిపతిగా చేయవద్దనును. పాడు కాలములో పలికిన మాటయే యైనను అది సరియైన మాట. ఇంట రొట్టె లేనివాడు ఏలుటకు తగడని అతడు ఎరిగెను. ఓట్ల కాలములో మన గడపకు వచ్చువారు ఇంత నిజము చెప్పుదురా?

ఇప్పుడు ఈ మాట మన రక్షకునికి ఎట్లు వచ్చినదో చూతము. పాత ఇంగ్లీషు క్రైస్తవులు మొదట దేవునికి ఎక్కువగా వాడిన మాట ఇది కాదు. వారు ‘డ్రిహ్టెన్’ అనిరి. అది సైన్యపు మాట. యోధుల గుంపునకు నాయకుడని దాని పుట్టుక. హ్లాఫోర్డ్ అను మాటను ఉపమానములలోని యజమానులకును, ఇంటి పెద్దలకును ఎక్కువగా ఉంచిరి. కాలక్రమమున ఆ యుద్ధపు మాట వాడుకనుండి జారిపోయెను. 1380 ప్రాంతములలో విక్లిఫ్ అనుచరులు లాటినునుండి బైబిలు అంతయు ఇంగ్లీషులోనికి తెచ్చునాటికి, 1526లో టిండేలు క్రొత్త నిబంధనను అచ్చువేయించునాటికి, 1611లో జేమ్సు రాజు కాలపు బైబిలు వచ్చునాటికి, దేవునికిని క్రీస్తునకును నిలిచిన మాట లార్డ్. కత్తి పట్టిన నాయకుని మాట పోయి, రొట్టెను కాచువాని మాట మిగిలెను. ఎవరును సభకూడి అట్లు నిర్ణయింపలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాటల వేళ్లు త్రవ్వి వాటిమీద సిద్ధాంతములు కట్టుట మంచిది కాదు. కొందరు ప్రసంగీకులు ఒక్క మాట దొరికిన యెడల దానిని చెరకువలె పిండి, రసము అయిపోయిన తరువాత పిప్పినికూడ సంఘమునకు వడ్డించెదరు. పౌలు ఇంగ్లీషు ఎరుగడు. అతడు వ్రాసిన గ్రీకు మాట ‘కూరియోస్’. అది అధికారము గలవాడని అర్థమిచ్చును, దానిలో రొట్టె లేదు. మన ప్రభువు అను మాటయు సంస్కృతమునుండి వచ్చినది. సామర్థ్యము గలవాడు, మించినవాడు అని దాని భావము. దానిలోను రొట్టె లేదు. కాబట్టి యేసు ప్రభువని మనము ఒప్పుకొనుటకు ఆధారము ఈ ఇంగ్లీషు మాట కాదు. దేవుడు ఆయనను మృతులలోనుండి లేపుటయే ఆధారము. అయినను ఆయన ఏలాటి ప్రభువో తెలిసికొనుటకు ఆయన చేసిన పనులను చూచినప్పుడు, అక్కడ రొట్టె కనబడుచునే యున్నది. అది నిఘంటువునుండి వచ్చినది కాదు, సువార్తలనుండి వచ్చినది.

ఆయన పుట్టిన ఊరు బేత్లెహేము. దాని అర్థము రొట్టె యిల్లు అని మన బడి పిల్లలును చెప్పుదురు. వెయ్యి సంవత్సరముల క్రిందట ఎల్ఫ్రిక్ అను ఇంగ్లీషు బోధకుడు క్రిస్మసు ప్రసంగములో దీనిని తన జనులకు ‘హ్లాఫ్-హూస్’ అని తెలిపెను. హూస్ అనగా ఇల్లు. రొట్టె యింటిలో రొట్టె కాపరి పుట్టెనని ఆ జనులు చెవితోనే గ్రహించియుందురు. వారికి వ్యాఖ్యానము అక్కరలేదు.

యోహాను 6వ అధ్యాయములో అయిదు యవల రొట్టెలున్నవి. యవలు పేదవారి తిండి, మన జొన్న సంకటివలె. వాటితో అయిదువేలమంది తృప్తిపొందిరి. తరువాత జరిగినది ముఖ్యము. జనులు వచ్చి ఆయనను బలవంతముగా పట్టుకొని రాజుగా చేయనుద్దేశించిరి. అనగా డరహాములో జరిగినదే ఇక్కడ జరుగబోవుచున్నది. తిండి పెట్టితివి, మా తలలను తీసికొమ్మని వారే వచ్చుచున్నారు. లోకములో ఏ అధిపతి కాదనును? ఆయన మాత్రము ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను. మరునాడు వెదకికొనుచు వచ్చినవారితో, మీరు రొట్టెలు తిని కడుపు నిండినందుననే నన్ను వెదకుచున్నారని ముఖముమీదనే చెప్పెను. అనేకులు వెనుకకు తిరిగి వెళ్లిపోయినను, వారిని రొట్టెతో కట్టి ఉంచలేదు. రొట్టె ఇచ్చి ఎవరి తలను ఆయన తీసికొనలేదు. చివరకు సిలువమీద వంగినది ఆయన తలయే.

ఈ చోటనే మన తెలుగు సంఘముల చరిత్ర తలంపునకు వచ్చుచున్నది. అన్నముకొరకు కలిసినవారు అని మన పితరులను ఎగతాళి చేసిన మాట మీలో వినని వారుండరు. 1876 మొదలుకొని 1878 వరకు వచ్చిన గొప్ప కరవును పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. ఒంగోలులోనున్న అమెరికా బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ, మనవారు క్లౌ దొరగారనువారు, ఆ కరవులో బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని ఒప్పందము తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. పని చేసినవారిలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యలేదు. కరవు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు ఆపివేసెను. సహాయము ముగిసి, ఇక ఆయన యొద్ద పంచుటకు ఏమియు లేనప్పుడు కూడ వారు మానలేదు. మరల మరల వచ్చిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది మాదిగలు, తరతరములుగా ఒకరి గింజలు తిని ఒకరికి తలవంచినవారు. ఎగతాళి చేయువారికి ఈ తేదీలు చెప్పుడి. పనియు కూలియు ఉన్నప్పుడు నీళ్లు ఇయ్యలేదు. నీళ్లు ఇచ్చినప్పుడు గింజలు లేవు. యోహాను 6వ అధ్యాయమును ఆ మిషనెరీ భయముతో చదివియుండవలెను.

మరి ఇప్పుడు? మన సంఘములలోను రెండెకరములు నాలుగెకరములు కొనినవారున్నారు. పిల్లలు పట్టణములలో, పరదేశములలో ఉద్యోగములు చేసి పంపుచున్నారు. అది దేవుని కృప. తాతలు ఇతరుల కళ్లములో నిలువబడిరి. మనుమల కళ్లములో ఇప్పుడు ఇతరులు నిలువబడుచున్నారు. వారి కూలి సాయంకాలమునకు చేతిలో పడుచున్నదా, రేపు రమ్మని త్రిప్పుచున్నారా? కోసినవారి కూలిని బిగబట్టిన యెడల అది మొఱ్ఱపెట్టునని యాకోబు 5వ అధ్యాయములో వ్రాసినది అన్యులకు కాదు, సంఘమునకు. పెండ్లికి అప్పిచ్చి ఆ ఇంటి ఆడబిడ్డను మీ ఇంట గిన్నెలు తోముటకు పెట్టుకొనినవారు ఎవరైన నున్నారా? డరహాములోని ఆ స్త్రీ చేసినట్లు చేయుటకు పుస్తకము అక్కరలేదు, సాక్షులు అక్కరలేదు. ఈ ఆదివారము ఆరాధనకు రాకముందు చేయవచ్చును.

ఇంగ్లండులో ఆగస్టు 1వ తేదీకి ‘లామస్’ అని పేరు. అదియు హ్లాఫ్ మాటయే. హ్లాఫ్-మెస్సె, రొట్టె ఆరాధన. క్రొత్త గోధుమలతో కాల్చిన మొదటి రొట్టెను ఆ దినమున గుడికి తెచ్చుచుండిరి. లేవీయకాండము 23లో ప్రథమఫలముగా రెండు రొట్టెలు అల్లాడింపవలెనని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ యుండెను. మన కోత పండుగలో వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు బల్లయెదుట పెట్టుదుము గదా, అది ఆ వరుసలోనిదే. వేలములో గుమ్మడికాయకు ఎవరు ఎక్కువ పాడిరని ఏడాది పొడవున చెప్పుకొనుట మాత్రము ఆ వరుసలోనిది కాదు.

కొరింథు సంఘస్థులు ప్రభువు బల్లయొద్దనే ఈ మాటను తప్పిరి. తీరికగలవారు ముందుగా వచ్చి తినిరి. ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు మత్తుడయ్యెను. పౌలు వారితో, మీరు కూడి వచ్చి తినుచున్నది ప్రభువు రాత్రి భోజనము కానే కాదనెను. ద్రాక్షరసము ఉండెను, రొట్టె ఉండెను, ప్రార్థనయు ఉండియుండును. అయినను అది ఆయనది కాదు. ఆయన బల్లయొద్ద ఆరు షిల్లింగుల మనిషి లేడు, నూరు షిల్లింగుల మనిషి లేడు. ముందు వరుస ఏ పేటవారిది, గిన్నె మొదట ఎవరికి అందవలెను అను తగవు ఇప్పటికిని కొన్ని ఊళ్లలో వినబడుచున్నది. ఆ ఊళ్లు ఏవో ఆ ఊరివారికి తెలియును.

ఆ బల్లయొద్ద మొదటి రాత్రి కూర్చుండిన పండ్రెండుమందిలో ఒకడు ఆయన చేతి ముక్కను పుచ్చుకొనియే బయటికి వెళ్లెను. తిన్న యింటి వాసములు లెక్కించినవాడు. ఆ రొట్టె తినువాడు తనకు విరోధముగా మడిమె ఎత్తునని కీర్తన 41లోని సంగతిని ప్రభువు ముందుగానే ఎత్తి చెప్పెను. తెలిసియు ముక్కను ముంచి వాని చేతికిచ్చెను. రొట్టె కాచువాడు వానికిని రొట్టె మానలేదు.

తరువాత గలిలయ సముద్రము. రాత్రియంతయు వలవేసి ఏమియు దొరకక తిరిగి వచ్చుచున్న ఏడుగురు. ఆ రాత్రి శ్రమ ఎట్టిదో మన తీరమువారికి తెలియును. ఒడ్డున ఎవరో నిలిచి, పిల్లలారా, తినుటకు ఏమైన నున్నదా యని అడిగెను. మంగలి, కుమ్మరి, ఉపాధ్యాయుడు, అధికారి, ఎవరైనను తినుట సంగతి ముందుగా అడుగునది మనయింటి పెద్దయే. వల నిండినప్పుడు యోహాను పేతురుతో, వచ్చినది ప్రభువని చెప్పెను. పేతురు, తాను బొంకిన రాత్రి నిప్పుల మంటయొద్ద చలికాగిన పేతురు, నీళ్లలోనికి దూకెను. ఒడ్డునకు వచ్చి చూడగా మరల నిప్పులున్నవి. వాటిమీద చేప యున్నది. రొట్టె యున్నది. వారి వలలోని చేపలు ఇంకను ఒడ్డునకు రాలేదు; ఆయన యొద్ద అప్పటికే సిద్ధముగా నున్నది. ఎక్కడనుండి తెచ్చెనో, ఎప్పుడు కాల్చెనో యోహాను వ్రాయలేదు. బొంకిన సంగతి ఆయన ఎత్తలేదు. ముందు భోజనమునకు రండని పిలిచి, తానే వచ్చి రొట్టెను తీసికొని వారి చేతులలో పెట్టెను.